ఎలిజబెత్ రాణికి అన్నయ్య ఉన్నాడా? హెన్రీ కేరీ తండ్రి ఎవరు?

డాక్టర్ స్ట్రేంజ్‌గా వేసిన బెనెడిక్ట్ కంబర్‌బ్యాచ్ మీ అందరికీ తెలుసు కదా. ఆయనకి ఇంత పేరు రాకముందు, 2008లో 'ది అదర్ బోలీన్ గర్ల్' అని ఒక సినిమా వచ్చింది. స్కార్లెట్ జొహాన్సన్, నటాలీ పోర్ట్‌మన్ అక్కాచెల్లెళ్ళుగా వేశారు. అందులో కంబర్‌బ్యాచ్‌ది చాలా చిన్న వేషం. పాత్ర పేరు విలియం కేరీ. భార్య మీద రాజుగారి కన్ను పడితే ఏమీ అనలేక పక్కకి తప్పుకునే భర్త. సినిమా చూసినవాళ్ళకి కూడా ఆయన ఉన్నట్టు గుర్తుండదు.

ఇవాళ నేను మాట్లాడేది ఆ విలియం కేరీ కొడుకు గురించి. కొడుకు అంటున్నాను చూడండి, అసలు గొడవంతా ఆ మాట దగ్గరే ఉంది. ఆ అబ్బాయి పేరు హెన్రీ కేరీ. తర్వాత బ్యారన్ హన్స్‌డన్ అయ్యాడు. షేక్‌స్పియర్ నాటక కంపెనీకి అండగా నిలబడ్డ ప్రభువు ఈయనే. ఇతను విలియం కేరీ కొడుకు కాదు, సాక్షాత్తు ఎనిమిదో హెన్రీ రాజు కొడుకు అని దాదాపు 500 ఏళ్ళుగా ఒక మాట తిరుగుతోంది. సినిమాలో అయితే రాజుగారి కొడుకే అని తేల్చేశారు. కాగితాలు ఏమంటున్నాయో చూద్దాం.

ముందు చుట్టరికం సెట్ చేసుకుందాం, లేకపోతే మధ్యలో కన్ఫ్యూజ్ అవుతారు. సర్ థామస్ బోలీన్ అని ఒక దర్బారు మనిషి. ఆయనకి ఇద్దరు కూతుళ్ళు, మేరీ, ఆన్. మేరీయే పెద్దది అని ఎక్కువమంది చరిత్రకారులు ఒప్పుకుంటారు. ఆన్ బోలీన్ ఎనిమిదో హెన్రీకి రెండో భార్య, 1536లో తల నరికించాడే, ఆవిడ. ఆన్ కూతురు మొదటి ఎలిజబెత్ రాణి. మేరీ కొడుకు మన హెన్రీ కేరీ. అంటే ఎలిజబెత్‌కి అతను పెద్దమ్మ కొడుకు.

ఇక్కడ నాకు ఒక విషయం భలే నచ్చుతుంది. ఇంగ్లిష్ వాళ్ళు 'కజినా, బ్రదరా' అని పుస్తకాలకి పుస్తకాలు రాశారు. మన భాషలో ఆ ప్రశ్నే సగం పుట్టదు. పెద్దమ్మ కొడుకు అంటే అన్నయ్యే. హెన్రీ కేరీ పుట్టింది 1526 మార్చి 4న, ఎలిజబెత్ పుట్టింది 1533లో. తండ్రి ఎవరైనా సరే, మన లెక్కలో ఆవిడకి అతను అన్నయ్యే. సరే, మనం ఇంగ్లండ్‌లో ఉన్నాం కాబట్టి వాళ్ళ లెక్కలోకే వెళ్దాం.

విలియం కేరీని సినిమావాళ్ళు ఊరూ పేరూ లేనివాడిలా చూపిస్తారు కానీ, అతను అంత తక్కువవాడేం కాదు. కేరీలు డెవన్ ప్రాంతంలో కాకింగ్టన్ అనే ఊరివాళ్ళు. విలియం తాత పేరు కూడా సర్ విలియం కేరీయే. గులాబీల యుద్ధాల్లో లాంకాస్టర్ పక్షాన నిలబడి, 1471లో ట్యూక్స్‌బరీ యుద్ధం ఓడిపోయాక తల పోగొట్టుకున్నాడు. అమ్మ వైపు చూస్తే ఇంకా పెద్ద సంబంధం. విలియం అమ్మమ్మ ఎలియనార్ బ్యూఫర్ట్, సోమర్సెట్ డ్యూక్ కూతురు. ఎనిమిదో హెన్రీ నాయనమ్మ మార్గరెట్ బ్యూఫర్ట్. వీళ్ళిద్దరూ అన్నదమ్ముల పిల్లలు. అంటే రాజుకీ విలియం కేరీకీ దూరపు రక్త సంబంధం ఉంది. హెన్రీ కేరీ ఎవరి కొడుకైనా అతని ఒంట్లో మూడో ఎడ్వర్డ్ రాజు రక్తం కొంత ఎలాగూ ఉంది. 'పోలికలు చూడండి, అచ్చం రాజే' అనేవాళ్ళు ఈ సంగతి చెప్పరు.

బోలీన్ల వైపు వెళ్తే మేరీ ముత్తాత జెఫ్రీ బోలీన్ లండన్‌లో బట్టల వ్యాపారి. కష్టపడి పైకొచ్చి 1457లో లండన్ మేయర్ అయ్యాడు. మేరీ తల్లి మాత్రం నార్ఫోక్ డ్యూక్ కూతురు. మూడు తరాల్లో షాపు నుంచి దర్బారు దాకా వచ్చిన కుటుంబం అన్నమాట.

1520 ఫిబ్రవరి 4న మేరీకీ విలియంకీ పెళ్ళయింది. రాజు స్వయంగా వచ్చాడు. విలియం రాజు అంతరంగిక సేవకుల్లో ఒకడు, రాజు పక్కనే ఉండే ఉద్యోగం. ఆ తర్వాత ఎప్పుడో రాజుకీ మేరీకీ సంబంధం మొదలైంది. ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ఆగిపోయిందో తేదీలు లేవు. మొత్తం చిక్కంతా దీని వల్లే. 1519లో కొడుకుని కన్న బెస్సీ బ్లౌంట్ విషయం ఊరంతా తెలుసు. మేరీ విషయం మాత్రం చాలా గుట్టుగా జరిగింది.

మరి సంబంధం ఉందని ఎలా తెలుసు? రాజు తనే బయటపడ్డాడు. 1527లో ఆన్‌ని పెళ్ళి చేసుకోవాలని పోప్ దగ్గర ఒక ప్రత్యేక అనుమతి అడిగాడు. ఒక ఆడమనిషితో సంబంధం పెట్టుకుంటే, పెళ్ళి కాకపోయినా సరే, ఆమె అక్కచెల్లెళ్ళు నీకు సొంత అక్కచెల్లెళ్ళతో సమానం అని అప్పటి చర్చి చట్టం. మన దగ్గర భార్య చెల్లెల్ని చేసుకోవడం విన్నదే, అక్కడ అది మహాపాపం. హెన్రీ అడిగిన అనుమతి సరిగ్గా ఆ అడ్డంకిని తీసేయమనే. ఆన్ అక్కతో ఏమీ లేకపోతే ఆ కాగితం ఎందుకు? ఇందులో ఇంకో తమాషా ఉంది. అదే సమయంలో మొదటి భార్య కేథరిన్‌ని వదిలించుకోవడానికి రాజు చెప్పిన కారణం 'ఈవిడ మా అన్న భార్య, ఈ పెళ్ళి చెల్లదు' అని. ఒక చేత్తో బంధుత్వం అడ్డమని వాదిస్తూ, ఇంకో చేత్తో అలాంటి అడ్డమే తీసేయమని అర్జీ పెట్టాడు.

ఇంకో కథ ఉంది, ఇది నాకు చాలా ఇష్టం. సర్ జార్జ్ త్రాక్‌మార్టన్ అనే పార్లమెంటు సభ్యుడు రాజు ముఖం మీదే అన్నాడట, మీరు ఆన్ అక్కతోనూ, తల్లితోనూ కూడా నడిపారని జనం అనుకుంటున్నారు అని. రాజు ఏమన్నాడో తెలుసా? తల్లితో ఎప్పుడూ లేదు, అన్నాడు. అంతే. అక్క సంగతి ఎత్తలేదు. పక్కనే ఉన్న థామస్ క్రామ్‌వెల్ కంగారుగా అందుకుని, అక్కతో కూడా లేదు, ఆ మాట బుర్రలోంచి తీసెయ్ అన్నాడు. త్రాక్‌మార్టన్ తర్వాత ఇచ్చిన వాంగ్మూలంలో ఇదంతా ఉంది.

కాబట్టి సంబంధం నిజం. ఇక్కడే చాలామంది ఒక అడుగు ఎక్కువ వేసేస్తారు. సంబంధం ఉంది కాబట్టి కొడుకు రాజు కొడుకే అంటారు. మేరీ అప్పుడు పెళ్ళయిన మనిషి, భర్త అదే దర్బారులో ఉద్యోగం చేస్తున్నాడు. ఆ ఇంట్లో కేథరిన్ అనే కూతురు ముందు పుట్టింది, సుమారు 1524లో. తర్వాత హెన్రీ.

రాజు కొడుకు అని సూటిగా చెప్పిన సాక్ష్యం ఆ కాలంలో ఒకటి ఉంది. 1535 ఏప్రిల్‌లో జాన్ హేల్ అనే పాదిరిని విచారించారు. లండన్ పక్కనే ఐల్‌వర్త్ అనే ఊరి చర్చి ఆయనది. రాజు చర్చికి తానే అధిపతినని ప్రకటించుకున్నాడు, హేల్‌కి అది గిట్టలేదు, రాజుని నానా మాటలూ అన్నాడు. విచారణలో ఆయన చెప్పింది ఏంటంటే, పక్కనున్న సయన్ మఠంలో ఒక సన్యాసి తనకి కేరీ కుర్రాణ్ణి చూపించి, ఈ అబ్బాయి రాణిగారి అక్కకి రాజు వల్ల పుట్టాడు, రాణి వీణ్ణి దర్బారులోకి రానివ్వదు అన్నాడట.

ఈ సాక్ష్యాన్ని ఒకసారి తూకం వేయండి. ఒకరు చెబితే ఇంకొకరు విన్న మాట. విన్నవాడు రాజుకి బద్ధ వ్యతిరేకి. పైగా రాణి వీణ్ణి రానివ్వదు అంటున్నాడు కానీ, ఆ కుర్రాడికి సంరక్షకురాలు ఆ రాణీయే! నికొలా బూర్బోన్ అనే ఫ్రెంచి కవి దగ్గర చదువు చెప్పించింది కూడా ఆవిడే. హేల్‌ని 1535 మే 4న టైబర్న్‌లో చంపేశారు. ఆ పాదిరి ధైర్యాన్ని తక్కువ చేయడం లేదు. కానీ ధైర్యం వేరు, సాక్ష్యం వేరు.

రాజు పక్షాన వాదించేవాళ్ళు ఇంకేం చూపిస్తారంటే, 1522 నుంచి 1526 దాకా విలియం కేరీకి వరసగా భూములూ పదవులూ ఇచ్చాడు, నోరు మూయించడానికే అంటారు. కావచ్చు. కానీ రాజు పక్కన పనిచేసేవాళ్ళకి అలాంటి కానుకలు మామూలే, అందరి భార్యలూ రాజు దగ్గరికి వెళ్ళలేదు కదా. పేరు హెన్రీ అని పెట్టారు అంటారు. ఆ రోజుల్లో దర్బారులో ఎవరికి కొడుకు పుట్టినా రాజు పేరు పెట్టడానికి వెనకాడలేదు. అదొక ప్రూఫ్ కాదు.

నన్ను ఆలోచింపజేసేది ఇంకోటి. ఎనిమిదో హెన్రీ జీవితమంతా కొడుకు కోసం పడ్డ యాతన మీకు తెలుసు. బెస్సీ బ్లౌంట్‌కి పుట్టిన హెన్రీ ఫిట్జ్‌రాయ్‌ని 1525లో, ఆరేళ్ళ పిల్లాణ్ణి, రెండు డచీలకి డ్యూక్‌ని చేశాడు. నా కొడుకే అని దేశమంతటికీ చాటుకున్నాడు. ఆ ఫిట్జ్‌రాయ్ 1536 జూలైలో చనిపోయాడు. అదే ఏడాది మేలో ఆన్ తల తీయించాడు, ఆమెతో పెళ్ళి అసలు చెల్లలేదని కొట్టేయించాడు. ఇద్దరు కూతుళ్ళూ చట్టం దృష్టిలో అక్రమ సంతానం. తన వారసుణ్ణి తానే ఎంచుకునే అధికారం పార్లమెంటు చేత రాయించుకున్నాడు. చేతిలో ఒక్క కొడుకు లేడు. అప్పుడు హెన్రీ కేరీకి 10 ఏళ్ళు. ఆరోగ్యంగా ఉన్నాడు. రాజు అటువైపు చూడనే లేదు.

దీనికి ఒక మంచి ఎదురు వాదన ఉంది, దాచిపెట్టడం న్యాయం కాదు. ఫిట్జ్‌రాయ్ పుట్టినప్పుడు బెస్సీకి పెళ్ళి కాలేదు. మేరీకి పెళ్ళయింది. పెళ్ళయిన స్త్రీకి పుట్టిన బిడ్డకి భర్తే తండ్రి అని ఇంగ్లండ్ చట్టం. ఎంత గట్టిగా ఉండేదంటే, భర్త దేశం చుట్టూ ఉన్న నాలుగు సముద్రాల లోపల ఉంటే చాలు, ఇక తండ్రి ఎవరని అడగడానికే వీల్లేదు. నవ్వొస్తుంది కానీ, ఈ ఆలోచన సముద్రాలు దాటి మన దాకా కూడా వచ్చింది. 1872లో బ్రిటిష్ వాళ్ళు రాసిన ఇండియన్ ఎవిడెన్స్ యాక్ట్ 112వ సెక్షన్ ఇదే చెబుతుంది, భార్యాభర్తలు కలిసే అవకాశమే లేదని రుజువైతే తప్ప. ఇప్పుడు దాని బదులు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 116వ సెక్షన్. మన కోర్టుల్లో ఇప్పటికీ డీఎన్‌ఏ టెస్టు అడిగిన కేసుల్లో ఈ సెక్షన్ మీద వాదనలు నడుస్తాయి.

కాబట్టి రాజుకి నిజం తెలిసినా ఆ పిల్లాణ్ణి నా కొడుకు అనడం తేలిక కాదు. ఒప్పుకుంటాను. కానీ కొడుకు అని అనకుండానే చేరదీయడానికి వంద దారులున్నాయి. 1528 జూన్ 22న విలియం కేరీ చెమట జ్వరం అనే అంటురోగంతో పోయాడు. పెద్ద వయసు కూడా కాదు. అప్పుడు పిల్లాడికి రెండేళ్ళు. ఆ సమయంలో రాజు ఆన్‌కి రాసిన ఉత్తరంలో మేరీ చాలా ఇబ్బందిలో ఉందని, తండ్రి థామస్ బోలీన్ ఆమెని ఆదుకోవడం ఆయన పరువుకి సంబంధించిన విషయమని రాశాడు. తర్వాత విలియంకి వచ్చే ఏడాదికి 100 పౌండ్ల భత్యం మేరీకి మార్చాడు. పిల్లాడి సంరక్షణ హక్కు ఆన్‌కి ఇచ్చాడు. అసలు ఆ హక్కు అనేదే విలియం కేరీ ఆస్తికి ఈ పిల్లాడు వారసుడు కాబట్టి పుట్టింది. రాజు తన చేత్తో ఇచ్చిన కాగితం కూడా ఇతన్ని కేరీ కొడుకుగానే చూస్తోంది.

నా తీర్పు అడిగితే, విలియం కేరీయే తండ్రి అంటాను. కూతురు కేథరిన్ విషయంలో అనుమానం ఇంకొంచెం బలంగా ఉంది, అలిసన్ వేర్ లాంటి రచయితలు కూడా కూతురు రాజు బిడ్డ కావచ్చు, కొడుకు మాత్రం కాదు అనే వైపే మొగ్గారు.

మరి ఇంత బలహీనమైన పుకారు ఇన్నాళ్ళు ఎలా బతికింది? ఎందుకంటే అది ఎప్పుడూ ఆ కుర్రాడి గురించిన పుకారు కాదు. 1535లో అది ఆన్‌ని కొట్టడానికి పనికొచ్చింది. ఎలిజబెత్ రాణి అయ్యాక ఆవిడని కొట్టడానికి పనికొచ్చింది. మేరీతో రాజుకి సంబంధం ఉంటే చర్చి చట్టం ప్రకారం ఆన్‌తో పెళ్ళి చెల్లదు, పెళ్ళి చెల్లకపోతే ఎలిజబెత్ అక్రమ సంతానం, అక్రమ సంతానం సింహాసనం మీద కూర్చోకూడదు. ఈ గొలుసు అర్థమైందా? దర్బారులో హెన్రీ కేరీ మొహంలో ఎవరైనా రాజు పోలిక చూశారంటే, అది రాణి కిరీటం మీద వేలు పెట్టినట్టే. అందుకే ఇద్దరూ ఆ మాట ఎత్తిన దాఖలా లేదు.

రాణి అయిన కొత్తలోనే, 1559 జనవరిలో, ఎలిజబెత్ అతన్ని బ్యారన్ హన్స్‌డన్ చేసింది. 1570 ఫిబ్రవరిలో ఉత్తరాన లియొనార్డ్ డేకర్ తిరుగుబాటు చేస్తే, గెల్ట్ నది దగ్గర తనకంటే రెట్టింపు ఉన్న సైన్యాన్ని హన్స్‌డన్ ఓడించాడు. అప్పుడు రాణి రాసిన ఉత్తరం మిగిలింది. అందులో 'నా హ్యారీ' అని ఎంత ముద్దుగా పిలిచిందో! చివర సంతకం దగ్గర మాత్రం 'నీ ప్రియమైన బంధువు' అని రాసింది. సోదరి అనలేదు. అంత సంతోషంలో కూడా మాట జారలేదు.

ఇలాంటిదే ఇంకొకాయన కథ ఉంది, సర్ జాన్ పెరట్. ఈయన కూడా ఎనిమిదో హెన్రీ కొడుకే అంటారు. రాజద్రోహం కేసులో శిక్ష పడ్డాక, రాణి తన సోదరుణ్ణి బలి ఇస్తుందా అని అరిచాడని రాబర్ట్ నాంటన్ రాశాడు. పెరట్ 1592లో టవర్ జైల్లోనే పోయాడు. అయితే ఈ నాంటన్ ఎవరో తెలుసా? పెరట్ మనవరాలి భర్త. మా ఆవిడ రాజుగారి మునిమనవరాలు అని చెప్పుకోవడం ఎవరికి చేదు? అదే నాంటన్ హన్స్‌డన్ గురించి కూడా రాశాడు. అక్కడ మాత్రం రాణికి దగ్గర బంధువు అని ఊరుకున్నాడు.

1585లో హన్స్‌డన్ లార్డ్ ఛాంబర్లెయిన్ అయ్యాడు, దర్బారు నిర్వహణ అంతా ఆయన చేతిలో. 1594లో 'లార్డ్ ఛాంబర్లెయిన్స్ మెన్' అనే నాటక బృందం ఆయన పేరు మీద మొదలైంది. షేక్‌స్పియర్ ఆ బృందం మనిషి.

ఇప్పుడు చెప్పేది నాకు మొత్తం కథలో అన్నిటికంటే గట్టిగా తగిలిన విషయం. హన్స్‌డన్‌కి ముసలితనంలో ఒక ప్రియురాలు ఉండేది, ఎమీలియా బస్సానో. దర్బారులో సంగీతం వాయించే ఇటాలియన్ కుటుంబం అమ్మాయి, ఆయనకంటే 40 ఏళ్ళకి పైగా చిన్నది. 1592లో ఆమె గర్భవతి అయింది. వెంటనే అల్ఫాన్సో లానియే అనే సంగీతకారుడికిచ్చి పెళ్ళి చేసేశారు. లోకం కళ్ళు కప్పడానికి చేసిన పెళ్ళి అని సైమన్ ఫోర్మన్ అనే జ్యోతిష్కుడు తన నోట్‌బుక్కుల్లో రాసిపెట్టాడు, ఆమె జాతకం చూపించుకోవడానికి ఆయన దగ్గరికి వెళ్ళింది కాబట్టి. కొడుకు పుట్టాడు. పేరు హెన్రీ అని పెట్టారు. చట్టం ప్రకారం వాడు హెన్రీ లానియే, తండ్రి అల్ఫాన్సో. ఎమీలియా 1611లో తన కవితల పుస్తకం అచ్చు వేయించింది, ఇంగ్లండ్‌లో అలా చేసిన మొదటి ఆడవాళ్ళలో ఒకరు.

ఈయన పుట్టుక మీద ఏ అనుమానం తిరిగిందో, సరిగ్గా అలాంటి ఇంట్లో ఇంకో హెన్రీని ఈయనే వదిలిపెట్టాడు. మొదటిది పుకారు. రెండోదానికి తల్లి నోటి నుంచి వచ్చిన మాట ఉంది. ఆ అల్ఫాన్సో గురించి ఎవరూ సినిమా తీయలేదు, కంబర్‌బ్యాచ్ వేషం కూడా దక్కలేదు పాపం.

హన్స్‌డన్ 1596 జూలై 23న లండన్‌లో సోమర్సెట్ హౌస్‌లో చనిపోయాడు. ఆయన ఆఖరి రోజుల గురించి థామస్ ఫుల్లర్ అనే రచయిత తర్వాతి శతాబ్దంలో ఒక కథ రాశాడు. విల్ట్‌షైర్ ఎర్ల్ పదవి, ఒకప్పుడు తాత థామస్ బోలీన్‌ది, దాని మీద ఈయనకి ఎప్పటినుంచో ఆశ. రాణి ఆ పదవి పత్రాన్నీ, దుస్తుల్నీ ఆయన మంచం మీద పెట్టించిందట. బతికున్నప్పుడు నేను దీనికి తగనని మీరు అనుకున్నారు, చచ్చిపోతున్నప్పుడు నేనే తగనని అనుకుంటున్నాను అని తిప్పి పంపాడట. గమనించండి, ఆయన జీవితాంతం కోరుకున్నది అమ్మ వైపు తాత పదవి. రాజు రక్తం పేరు చెప్పి ఏమీ అడగలేదు. అది అడిగితే ప్రాణానికే ముప్పు అని కూడా ఆయనకి తెలిసే ఉంటుంది.

డీఎన్‌ఏ చూడొచ్చు కదా అని అడుగుతారు. చూడాలంటే ఎనిమిదో హెన్రీ సమాధి తెరవాలి. అది విండ్సర్‌లో సెయింట్ జార్జ్ చాపెల్‌లో ఉంది, రాజకుటుంబం సరే అనాలి. హన్స్‌డన్ వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో ఉన్నాడు. కొడుకు జార్జ్ కట్టించిన ఆ సమాధి 36 అడుగుల ఎత్తు, ఆబీలో రాజుల సమాధుల కంటే కూడా ఎత్తు. లండన్‌లో చదువుకుంటున్నవాళ్ళు ఎవరైనా వెళ్తే, సెయింట్ జాన్ ద బాప్టిస్ట్ చాపెల్‌లో ఉంటుంది, తల బాగా పైకెత్తి చూడాలి. ఉంటానండి.